గుంటూరు గ్రహణము

మా కొండాపురమునకు పడమటి దిక్కున ఉదయగిరి యున్నది. పేరు ఉదయగిరియే కాని, మా వాకిట నిలిచి చూచువారికి సూర్యుడు ఆ దిక్కుననే క్రుంకును. చిన్ననాడు నేనీ విడ్డూరమును గూర్చి యడుగగా మా తాతగారు నవ్వి, “అది కొండకు ఆవల నున్నవారు పెట్టిన పేరురా. పేరు తప్పు కాదు; మనము నిలిచిన చోటు వేఱు” అని చెప్పిరి. చరిత్ర చదువునప్పుడెల్ల ఆ మాట నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. మనకు గుంటూరనగానే మిరపకాయయు పొగాకును స్ఫురించును. ఖగోళశాస్త్ర చరిత్ర నెఱిగినవారికి మాత్రము గుంటూరనగా 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయము స్ఫురించును. ఆ యుదయమున అచ్చట నేమి జరిగెనో, అది మన గృహములకు ఏల ముఖ్యమో చెప్పుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

అది విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారము. ఆనాటి సూర్యగ్రహణము సామాన్యమైనది కాదు. చంద్రుని నీడ అరేబియా సముద్రమును దాటి, బిజాపురము మీదుగా తూర్పునకు సాగి, గుంటూరు మచిలీపట్నములను కప్పి, బంగాళాఖాతమును గడచి సయాము దేశమునకు పోయెను. మా నెల్లూరు సీమ పడమటి గ్రామములు ఆ నీడబాట నడిమిగీతకు చాల దక్షిణముగా నున్నవి. గుంటూరులో మాత్రము సూర్యబింబము పూర్తిగా మఱుగై అయిదు నిమిషములకు పైగా చీకటి నిలిచెను. సంపూర్ణగ్రహణములు పెక్కులు రెండు మూడు నిమిషములతోనే ముగియును; ఏడున్నర నిమిషములకు మించి యేదియు నిలువజాలదు. కావున ఆ అయిదు నిమిషముల కొఱకు దూరదేశముల పండితులు నెలల ముందే సన్నాహములు చేసికొని, పెట్టెల నిండ పరికరములతో ఓడలెక్కి వచ్చిరి.

గుంటూరునకు వచ్చినవారు ఇరువురు ముఖ్యులు. ఒకరు ఇంగ్లీషువారి పక్షమున మేజరు టెన్నెంటు. రెండవవారు ఫ్రెంచి దేశీయుడైన జూల్సు జాన్సెను. మద్రాసు నక్షత్రశాలకు అధిపతియైన నార్మను పాగ్సను మచిలీపట్నమునకు పోయెను. ఆ నక్షత్రశాలలోనే మొదటి సహాయకుడుగా నున్న చింతామణి రఘునాథాచార్యులు నైజాము రాజ్యములోని వనపర్తికి వేఱొక బృందమును నడిపించెను. ఈ రఘునాథాచార్యులను గూర్చి ముందు మఱల చెప్పవలసియున్నది. శ్రావణమాసము గదా, వానకాలపు మబ్బు ఏ క్షణమున అడ్డుపడునో యని అందఱికిని గుండె దడ.

వారు చూడవచ్చినది కేవలము చీకటిని కాదు. సంపూర్ణగ్రహణమున సూర్యబింబము కప్పబడిన వెంటనే దాని అంచున అక్కడక్కడ గులాబిరంగు నాలుకలవంటివి బయటికి పొడుచుకొని కనబడును. వానిని మనము సౌరజ్వాలలందము. అవి సూర్యునివా, చంద్రునివా యని చాలకాలము వివాదముండెను. 1860లో స్పెయిను దేశమున కనబడిన గ్రహణమున తీసిన ఛాయాచిత్రములవలన అవి సూర్యునివే యని తేలెను. అయినను అవి యేమి వస్తువో, మబ్బులో, మంటలో, కొండలో ఎవరికిని తెలియదు. తొమ్మిది కోట్ల మైళ్ల దూరమున నున్నదానిని చేతితో తాకి చూచుట యెట్లు? ముక్కుతో వాసన చూచుట యెట్లు? దానినుండి మనకు వచ్చునది వెలుగొక్కటియే. కనుక ఆ వెలుగునే అడుగవలెను. అడుగుటకు కావలసిన భాష అప్పటికి తొమ్మిదేండ్ల క్రిందటనే దొరికినది.

ఆ భాష యేదో తెలియవలెనన్న వెలుగనగా నేమో కొంచెము తెలిసికొనవలెను. చెఱువులో ఒక రాయి వేసినప్పుడు అలలు గుండ్రముగా గట్టువఱకు వచ్చుచున్నవి. నీటిపై తేలుచున్న ఆకును చూడుడు. అల దాని క్రిందుగా పోవునపుడు ఆకు లేచి పడును గాని అలతోపాటు గట్టునకు రాదు. నడచి వచ్చినది నీరు కాదు, నీటి కదలిక. ఒక అల శిఖరమునుండి తరువాతి అల శిఖరమువఱకు గల దూరమును తరంగదైర్ఘ్యమందురు. ఒక్క సెకనులో ఒకచోట ఎన్ని యలలు దాటిపోవునో ఆ లెక్కను పౌనఃపున్యమందురు. ఈ రెంటిని గుణించినచో అల నడచు వేగము వచ్చును. కావున వేగము మాఱనప్పుడు అల పొడవైనకొలది లెక్క తగ్గును, పొట్టిదైనకొలది లెక్క పెరుగును. తరంగవిద్య కంతటికిని ఇదియే ఓనమాలు.

వెలుగును ఒక తరంగమే. అయితే నీటి అలకు నీరు కావలెను, ధ్వనికి గాలి కావలెను. వెలుగునకు ఏ ఆధారమును అక్కఱలేదు. విద్యుత్తు, అయస్కాంతము అను రెండు శక్తుల కదలిక ఒకదానినొకటి పుట్టించుకొనుచు శూన్యములో సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు సాగును. సూర్యునినుండి మనలను చేరుటకు దానికి 8 నిమిషములకు కొంచెము పైగా పట్టును. ఎఱుపు, పసుపు, నీలము అని మన కన్ను వేఱుచేయునది తరంగదైర్ఘ్యములలోని భేదమే. మీటరును 100 కోట్ల భాగములు చేసి అందొక భాగమును నానోమీటరందురు. ఎఱుపు అల సుమారు 700 నానోమీటర్లు, ఊదా అల సుమారు 400. ఈ రెంటి నడుమనే మన కంటికి గోచరించు లోకమంతయు నున్నది.

కాని అలలు అక్కడితో ఆగవు. 1800లో విలియము హెర్షెలు సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగున ఉష్ణమాపకము నుంచి చూచుచు, ఎఱుపునకు ఆవల ఏ రంగును లేనిచోట ఇంకను ఎక్కువ వేడిమిని కనుగొనెను. అది పరారుణ కాంతి. మఱుసటి యేడు రిట్టరు ఊదారంగునకు ఈవల వెండి లవణమును నల్లబఱచు కంటికగపడని కాంతిని కనుగొనెను. అది అతినీలలోహిత కాంతి. 1865లో మాక్సువెల్లు ఈ వెలుగు విద్యుదయస్కాంత తరంగమని గణితముచే చూపెను. 1887 మొదలు హెర్ట్సు ప్రయోగములచే పొడవైన అలలను పుట్టించి ఆ మాటను నిజము చేసెను. 1895లో కలకత్తాలో జగదీశచంద్ర బోసు మిల్లీమీటర్ల పొడవు గల అలలను గోడ దాటించి గంట మ్రోగించెను. ఆ యేడే రాంట్జెను ఎక్సు కిరణములను కనుగొనెను. మా యిండ్లలో రేడియో వినినవారికి విజయవాడ కేంద్రము వారు 837 కిలోహెర్ట్సులని చెప్పుట జ్ఞాపకముండును. అనగా సెకనునకు 8 లక్షల 37 వేల అలలు. ఒక్కొక్క అల పొడవు సుమారు 358 మీటర్లు. మా ఊరిలో ఒక వీధి పొడవంత! ఆ రేడియో అలయు, వంటింటి పొయ్యి సెగయు, వేకువ ఎఱుపును, ఆసుపత్రిలో ఎముకను చూపు కిరణమును ఒకే కుటుంబములోని సంతానము. కొలతయే భేదము.

ఇక భాష విషయము. పట్టకము గుండ సూర్యకాంతిని పంపినచో అది రంగుల పట్టీగా విచ్చుకొనునని న్యూటను కాలమునుండి తెలిసినదే. దానిని వర్ణపటమందురు. 1814లో జర్మను దేశీయుడైన ఫ్రానుహోఫరు ఆ పట్టీని మిక్కిలి శ్రద్ధతో చూడగా దానియందు వందలకొలది సన్నని నల్లగీతలు కనబడెను. అవి యేల యున్నవో అతనికి తెలియదు; కాని ఒక్కొక్క దాని స్థానమును కొలిచి, ముఖ్యమైనవానికి అక్షరములు పెట్టి యుంచెను. కారణము తెలియకున్నను కొలతను దాచియుంచుట యెంతటి పుణ్యకార్యమో తరువాతివారు గ్రహించిరి. 1859లో కిర్కాఫు, బున్సెను అను ఇరువురు హైడెల్బర్గు నగరమున ఆ చిక్కు విప్పిరి. పొయ్యిలో ఉప్పుకల్లు పడినప్పుడు మంట పసుపుపచ్చగా వెలుగుట మన స్త్రీలందఱు నెఱుగుదురు. ఆ పసుపు ఉప్పులోని సోడియముది. వర్ణపటములో అది 589 నానోమీటర్ల చెంత రెండు గీతలుగా నుండును. మఱియే పదార్థమును సరిగా ఆ రెండు స్థానములలో గీతలనీయదు. ప్రతి మూలపదార్థమునకును ఇట్లే తనదైన గీతలున్నవి. కాలుచున్న పలుచని వాయువు మెఱయు గీతల నిచ్చును. దట్టమైన వెలుగు చల్లని వాయువు గుండ వచ్చినప్పుడు ఆ స్థానములలోనే నల్లగీతలు పడును. ఏల యిట్లగునో 1913లో బోరు పరమాణువు నిర్మాణముచే వివరించువఱకు తెలియలేదు. అయినను గీతను బట్టి పదార్థమును పోల్చుట 1859 నాటికే సాధ్యమయ్యెను. వేలిముద్రను బట్టి మనిషిని పోల్చినట్లు.

జాన్సెను గుంటూరునకు తెచ్చిన ముఖ్య పరికరము ఇట్టి వర్ణపటదర్శినియే. 18వ తేదీ ఉదయము సూర్యబింబము మఱుగైన తోడనే అతడు తన దుర్భిణి చివర నున్న సన్నని చీలికను ఒక సౌరజ్వాలపైకి మరల్చెను. పట్టీ లేదు. నల్లని నేపథ్యముపై మెఱయుచున్న కొన్ని గీతలు మాత్రమే యున్నవి. ఎఱుపున నొకటి, నీలము చెంత నొకటి అవి యుండవలసిన స్థానములలోనే యున్నవి. అవి ఉదజని వాయువు గీతలు. అంతటితో ప్రశ్న తీరినది. సౌరజ్వాలలు కొండలు కావు, మబ్బులు కావు, కాలుచున్న మహావాయురాశులు. అందు ముఖ్యమైనది మన నీటిలో నున్న ఉదజనియే. ఆ దినమున ఇతర స్థలములయందు చూచినవారును ఇదే నిర్ణయమునకు వచ్చిరి.

ఇంతవఱకైనచో జాన్సెను పేరు పదిమందిలో నొక పేరుగా మిగిలెడిది. కాని ఆ గీతలు అతనికి మిక్కిలి కాంతిమంతముగా తోచెను. ఇంత మెఱయునవి గ్రహణము లేనప్పుడు మాత్రము ఏల కనబడవు? అవి యెక్కడికిని పోలేదు గదా! ఆకాశమంతట చెదరిన సూర్యకాంతి వానిని ముంచివేయుచున్నది, అంతియే. అయినచో ఆ చెదరిన కాంతిని పలుచబఱచుటెట్లు?

దీనికి సమాధానము మన రైతులకు తెలిసినదే. చెఱువు తూము తెఱచి నీటిని పదియెకరముల మడిపై పఱచినచో వ్రేలి లోతైన నుండదు. ఆ నీటినే సన్నని కాలువలో విడిచినచో మోకాలి లోతున పాఱును. ఆకాశపు వెలుగు సర్వవర్ణముల మిశ్రమము. పట్టకములను ఒకదాని వెనుక నొకటి యుంచి దానిని ఎంత వెడల్పుగా పఱచిన అంత పలుచనగును. జ్వాలల వెలుగు అట్టిది కాదు. అది కొన్ని గీతలలోనే కాలువ కట్టియున్నది. ఎంత పఱచినను గీతకు గీత దూరమగునే గాని గీత పలుచబడదు. కావున చాలినన్ని పట్టకములున్నచో పట్టపగలే ఆకాశపు వెలుగు వెలవెలబోయి గీత నిలిచి కనబడవలెను.

ఆ మధ్యాహ్నమే పరీక్షింపగోరగా మబ్బు క్రమ్మెను. మఱునాడు, అనగా ఆగస్టు 19వ తేదీ ఉదయమున, గ్రహణము లేదు, చీకటి లేదు, సూర్యుడు యథాప్రకారము ప్రకాశించుచున్నాడు. జాన్సెను చీలికను సూర్యబింబపు అంచున నిలుపగా ముందటి దినము చూచిన గీత మెఱయుచు కనబడెను. చీలికను కొంచెము కొంచెముగా జరుపుచు గీత యెచ్చట మొదలై యెచ్చట ముగియునో గుర్తించి జ్వాల ఆకారమును కూడ గీసెను. అట్లు 17 దినములు గుంటూరులోనే యుండి చూచెను. అయిదు నిమిషముల భాగ్యము 17 దినముల భాగ్యమయ్యెను. కాదు, నాటినుండి నేటివఱకు లోకమునకు ప్రతిదినమును లభించుచున్న భాగ్యమయ్యెను. మానవుడు గ్రహణము కొఱకు వేచియుండనక్కఱలేదని మొదట తెలిసినది తెలుగు గడ్డపైన.

సెప్టెంబరు 19న జాన్సెను కాకినాడనుండి ఈ వృత్తాంతమును పారిసులోని విజ్ఞానపరిషత్తునకు వ్రాసెను. లేఖ ఓడలో పోవుచుండగా ఇంగ్లండున నార్మను లాకియరను నాతడు గ్రహణము చూడకయే, ఇదే యుక్తిని తనంతట నాలోచించి, పరికరము చేయించుకొని, అక్టోబరు 20న సౌరజ్వాలల గీతలను చూచెను. ఇరువురి వార్తలును అక్టోబరు 26న ఒకే సభలో చదువబడెను. ఎవరు ముందని కలహింపక ఫ్రెంచివారు 1872లో ఇరువురి ముఖములను ఒకే పతకముపై ముద్రించి గౌరవించిరి. విద్యావంతుల కలహములను నిత్యము చూచుచున్న మనకు ఇదియు నేర్వదగిన పాఠమే.

ఇచ్చట ఒక పొఱపాటును దిద్దవలసియున్నది. “హీలియమను మూలపదార్థమును గుంటూరులో కనుగొనిరి” అని తఱచుగా సభలలో చెప్పుదురు. పిల్లల పుస్తకములలోను వ్రాయుదురు. వినుటకు మనకు గర్వముగానే యుండును. కాని అది అంత సరళము కాదు. ఆ గ్రహణమున మచిలీపట్నములో పాగ్సను మొదలుగా కొందఱు పసుపు రంగున నొక గీతను గూడ చూచిరి. దానిని సోడియము గీతగానో దాని పొరుగు గీతగానో తలచి ఊరకుండిరి. జాన్సెను దానిని క్రొత్త పదార్థమని చెప్పలేదు. లాకియరు దానిని మఱింత సూక్ష్మముగా కొలిచి, అది 589 చెంత గాక 587.6 నానోమీటర్ల వద్ద నున్నదని, సోడియముది కాజాలదని నిశ్చయించెను. ఒకటిన్నర నానోమీటర్ల తేడా! వెండ్రుక మందమును 50 వేల భాగములు చేసినను ఒక్కొక్కటి ఇంతకంటె పెద్దదిగా నుండవచ్చును. ఆ తేడాను అశ్రద్ధ చేయనివానికి క్రొత్త పదార్థము దొరికినది. గ్రీకు భాషలో సూర్యుని పేరైన హీలియోసును బట్టి దానికి హీలియమని పేరు పెట్టిరి. భూమిపై అది కలదని 1895లో రామ్సే ఒక ఖనిజమునుండి దానిని వెలువరించువఱకు పెక్కుమంది నమ్మలేదు. నేడు ఆసుపత్రులలో దేహము లోపలి చిత్రములను తీయు ఎం.ఆర్.ఐ. యంత్రముల అయస్కాంతములను ద్రవ హీలియముతోనే సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో నుంచుచున్నారు. ఆ చిత్రములను తెచ్చునవి మఱల రేడియో అలలే.

కావున గుంటూరు గౌరవము హీలియమును కనుగొనుటయందు లేదు. దుర్లభమైనదానిని నిత్యలభ్యముగా చేసిన ఉపాయమునందున్నది. నా దృష్టిలో ఇది తక్కువ గౌరవము కాదు, ఎక్కువ గౌరవము. లేని కీర్తిని తలకెత్తుకొన్నచో ఉన్న కీర్తి మఱుగుపడును.

ఇక ఆ కీర్తిలో మన పాలెంత? స్థలము మనది, చూచిన కన్ను మనది కాదు. ఈ మాట నొచ్చుకొనుటకు చెప్పుట లేదు. మనవారికి గ్రహణగణితము క్రొత్తది కాదు. ఆర్యభటుడు తన గ్రంథమున చంద్రుడు సూర్యుని కప్పుటయే సూర్యగ్రహణమనియు, భూమి నీడ చంద్రుని కప్పుటయే చంద్రగ్రహణమనియు విస్పష్టముగా చెప్పి 1500 సంవత్సరములు దాటినవి. ఆ 1868 గ్రహణమునే సయాము రాజైన మోంగ్‌కుట్టు స్వయముగా గణించి, ఛాయ పడు స్థలమునకు పరివారముతో పోయి, విదేశీయులను ఆహ్వానించి చూపెను. అతడు పూర్వాశ్రమమున బౌద్ధభిక్షువు. పంచాంగమును, పాశ్చాత్య గణితమును రెంటిని అభ్యసించినవాడు. అచ్చటి అడవిజ్వరము సోకి అక్టోబరు 1న మరణించెను. తన గణితము నిజమగుట చూచుటకు ప్రాణమునే వెలగా నిచ్చిన రాజు.

మన వైపున రఘునాథాచార్యులు కలడు. అతడు పంచాంగకర్తల వంశమున పుట్టి, చిన్నవయసుననే మద్రాసు నక్షత్రశాలలో చేరి, 1867లో కాంతి మాఱు నక్షత్రము నొకదానిని కనుగొనెను. వనపర్తి గ్రహణమునకు తరువాత, పంచాంగములు ప్రాచీన సంఖ్యలను వల్లించుట మాని, ఆకాశమున కంటికి కనబడుదానితో సరిపోవునట్లు గణింపబడవలెనని వాదించి దృగ్గణిత పంచాంగమును ప్రకటించెను. 1874లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డుగా నడచినపుడు సామాన్యజనులకు తెలియునట్లు దేశభాషలలో పుస్తకమును వ్రాసెను. 1880లో మరణించువఱకు ఆకాశమును చూచుట మానలేదు. శాస్త్రమును నమ్ముటకు సంప్రదాయమును తగులబెట్టనక్కఱలేదని, సంప్రదాయమును కాపాడుటకు కన్నులు మూసికొననక్కఱలేదని అతని జీవితమే చెప్పుచున్నది.

అయినను మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? గ్రహణమనగానే తలుపులు మూయుదుము. గర్భిణీస్త్రీని చీకటి గదిలో పరుండబెట్టి, కదలరాదని, ఎండలు మండుచున్నను మంచినీళ్లు త్రాగరాదని శాసింతుము. గ్రహణకాలమున విషకిరణములు వెలువడునని చదువుకొన్నవారే చెప్పుచున్నారు. వర్ణపటవిద్య దీనికి స్పష్టమైన ఉత్తర మిచ్చుచున్నది. గ్రహణమున చంద్రుడు సూర్యకాంతికి అడ్డుపడునే గాని దానికి ఏ క్రొత్త అలను చేర్చడు. ఆనాడు మన ముంగిట పడు వెలుగులో ముందటి దినమున లేని తరంగదైర్ఘ్యము ఒక్కటియు లేదు. ఉన్నవియే తక్కువగా నున్నవి. కుండలోని అన్నమును గాని, కడుపులోని శిశువును గాని చెఱచు కిరణము అందులో లేదు. గర్భిణికి కీడు చేయునది గ్రహణము కాదు. దప్పిక, ఉపవాసము, భయము.

ఒక్క భయము మాత్రము నిజమైనది. సూర్యుని ఉత్తకంటితో చూడరాదు. ఇది గ్రహణమునకే కాదు, అన్ని దినములకును వర్తించును. మామూలు దినములలో ఆ తీక్ష్ణతకు మనమే కన్ను మూసికొందుము. గ్రహణమున వేడుక కొలది తేఱిచూతుము. అప్పుడు కంటి లోపొర కాలిపోవును, నొప్పియైనను తెలియదు. మసి పూసిన గాజు, పాత ఎక్సు రే ఫిలుము, పళ్లెములోని పసుపునీరు ఇవి యేవియు చాలవు. ఇందుకొఱకే చేసిన ప్రామాణికమైన కంటద్దములు కావలెను. లేనిచో ఒక అట్టకు సూదితో చిల్లు చేసి, సూర్యునికి వీపు త్రిప్పి, ఆ చిల్లుగుండ నేలపై పడు బింబమును చూడవలెను.

ఈ సూదిచిల్లు ఉపాయమును నాకు నేర్పినది పుస్తకము కాదు, మా నాయనమ్మగారి మూసిన తలుపు. 1995 అక్టోబరు 24న, దీపావళి వెళ్లిన మఱునాడు ఉదయము, మా సీమలో పాక్షిక సూర్యగ్రహణము పట్టెను. నేనప్పుడు ఉన్నతపాఠశాల విద్యార్థిని. నాయనమ్మగారు కుండలపై దర్భలు వేసి, మా పిన్నమ్మ నెలలు నిండినది గావున ఆమెను, పిల్లలనందఱను తూర్పుగదిలో చేర్చి తలుపు గడియ వేసిరి. గది చీకటి. తలుపు పలకలో పాతమేకు ఊడిన చిల్లొకటి యుండెను. దానిగుండ ఎండ వచ్చి ఎదుటి గోడపై పడినది. నిత్యము అక్కడ గుండ్రని చుక్కగా పడునది ఆనాడు నెలవంకగా పడెను. మొదట చూచినది మా పిన్నమ్మయే. “అత్తయ్యా, గోడమీద చంద్రుడు!” అని కేక వేసినది. నాయనమ్మగారు లేచి చేయి అడ్డుపెట్టి, తీసి, మఱల అడ్డుపెట్టి చూచిరి. రానీయరాదని తలుపు మూసిన గ్రహణము ఆ తలుపు చిల్లులోనుండియే ఇంటిలోనికి వచ్చి కూర్చున్నది. ఆమె కోపపడలేదు. గోడకెదురుగా పీట వేసికొని, ఆ వంక మెల్లమెల్లగా నిండి గుండ్రమగువఱకు కన్నార్పక చూచిరి. నడుమ మా పిన్నమ్మ దాహమనగా, ఒక్క నిమిషము తటపటాయించి, తామే చెంబుతో నీళ్లు తెచ్చి యిచ్చిరి. కొన్ని దినములకు మా పిన్నమ్మకు ఆడుబిడ్డ సుఖముగా పుట్టినది. ఆ బిడ్డ నేడు ఒక కళాశాలలో రసాయనశాస్త్రము చెప్పుచున్నది.

2019 డిసెంబరు 26న మఱల గ్రహణము వచ్చినపుడు నేను మా వీధి పిల్లలను వేపచెట్టు క్రింద చేర్చితిని. సగముమంది తల్లిదండ్రులు పంపలేదు. వచ్చినవారికి ఆకాశమును చూపలేదు, నేలను చూపితిని. వేపాకుల సందులనుండి పడిన వెలుగుచుక్కలన్నియు నెలవంకలై మట్టిపై వందలకొలది పఱచుకొనియుండెను. పిల్లలు వానిపై కాలు పెట్టుటకైనను సందేహించుచు ఒంటికాలిపై గెంతుచు నవ్విరి. ఒక తల్లి గోడ అవతలనుండి తొంగిచూచి, కాసేపటికి తన కొమార్తెను పంపినది.

చదువరులారా, 1868లో మన ముంగిటనే ఒక పరదేశి వెలుగును చదివి, గ్రహణము లేనినాడును దానిని చూచుట సాధ్యమని లోకమునకు చెప్పెను. ఆ గౌరవమున మనకును పాలు కావలెనన్నచో గుంటూరు పేరును సభలలో చెప్పుకొనుట చాలదు. 2031 మే 21న కేరళ, తమిళదేశముల మీదుగా కంకణగ్రహణము పోవుచున్నది. మన జిల్లాలలో సూర్యుడు చాలవఱకు కప్పబడును. ఆనాడు మీ ఇంటిలో గర్భిణి యుండవచ్చును, పసిపిల్లలుండవచ్చును. ఆమెకు మంచినీళ్లిండు, వేళకు అన్నము పెట్టుడు. పిల్లల చేతికొక అట్టముక్కను, ఒక సూదిని ఇండు. తలుపు తెఱచుటకు మనసొప్పనివారు తలుపున ఒక చిల్లైన నుంచుడు.